తలుపు అవతల మీ అమ్మాయి

రాత్రి రెండు దాటింది. మంచినీళ్ళ కోసం లేచారు మీరు. హాల్లో లైటు వేయకుండానే నడుస్తున్నారు. ఏళ్ళ తరబడి ఉంటున్న ఇల్లు, కాళ్ళకు దారి తెలుసు. ముందు గది తలుపు కింద సన్నటి వెలుతురు. మీ అమ్మాయి ఇంకా పడుకోలేదు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. ఓ తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, "నాలుగు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ నాన్నా" అంటూ ఇంట్లోకొచ్చింది. ఆ నాలుగు రోజులూ మూడు వారాలయ్యాయి. ల్యాప్‌టాప్ బ్యాగు జిప్పు తీయలేదు. వాళ్ళమ్మ తలంటు పోస్తానంటే "రేపు" అంటోంది. ఆ రేపు రావట్లేదు. ఇష్టమని చేసిన గుత్తివంకాయ కూర కంచం అంచుకు జరిపేసి, రెండు ముద్దలు పెరుగన్నం తిని లేచిపోతోంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. ఈ ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వే పిల్ల.

తలుపు కొట్టాలా? పెద్దపిల్ల, తన గది, తన రాత్రి. చెయ్యి ఎత్తుతారు. దించేస్తారు. అప్పుడు వినిపిస్తుంది. ఏడుపు కాదు. ఊపిరి. పరుగెత్తి వచ్చిన మనిషి ఊపిరి.

ఒక్కసారి కొట్టి తలుపు తోస్తారు.

మంచానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ గుండె మీద. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. "నాన్నా, గుండె ఆగిపోతోంది. ఊపిరాడట్లేదు." చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కి కొంకర్లు పోతున్నాయి. మీ ఆవిడ లేచి వచ్చి గుమ్మంలో "దేవుడా" అంటోంది. మీరు కారు తాళాల కోసం వెతుకుతున్నారు.

ఆస్పత్రిలో ఈసీజీ కాగితం బయటికొస్తుంది. డ్యూటీ డాక్టరు, మీ అమ్మాయి వయసు కుర్రాడే, దాన్ని ట్యూబులైటు కింద పట్టుకుని చూస్తాడు. రక్తపరీక్ష కూడా చూస్తాడు. "గుండెకేం ఇబ్బంది లేదు సార్. పానిక్ ఎటాక్‌లా ఉంది. ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి."

మీకు ప్రాణం లేచొస్తుంది. "ఏమీ లేదట తల్లీ!" అంటారు. ఆమె మీ వైపు చూస్తుంది. ఆ చూపు గుర్తుపెట్టుకోండి. చచ్చిపోతున్నానని ఒళ్ళంతా కేకలు పెట్టిన మనిషికి "ఏమీ లేదు" అన్న మాట ఎలా తగులుతుందో ఆ చూపులో ఉంది. గుండె దడ నిజం. చెమట నిజం. ఎదుట ప్రమాదమేమీ లేకపోయినా, పులి మీద పడ్డట్టు శరీరం తనను తాను సిద్ధం చేసుకుంటుంది. గుండె వేగం పెంచుతుంది, గబగబా ఊపిరి తీయిస్తుంది. ఆ గబగబా ఊపిరి వల్లే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మామూలుగా పది నిమిషాల్లోపే అది పతాక స్థాయికి వెళ్ళి, తర్వాత తనంతట తానే దిగుతుంది. అయినా మొదటిసారి గుండెల్లో అలా పట్టేసినప్పుడు ఆస్పత్రికి పరుగెత్తడమే సరైన పని. ఇంట్లో కూర్చుని ఇది గుండెపోటో కాదో ఎవరూ తేల్చలేరు.

తిరిగి వస్తున్నారు. కంబాలచెరువు దగ్గర టీకొట్టు అప్పుడే తెరుస్తున్నారు. ఆమె పక్క సీట్లో అద్దానికి తల ఆనించి కూర్చుంది. మీ నాలుక చివర ఒక మాట ఉంది: నీకేం తక్కువమ్మా? మంచి ఉద్యోగం, మేమున్నాం, దేనికీ లోటు లేదు కదా? మింగేయండి. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేదనే ఆమె ఇన్నాళ్ళూ సిగ్గుపడుతోంది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

రైలు గేటు దాటేదాకా మాట్లాడదు. మీరూ మాట్లాడరు. రేడియో పెట్టరు.

"ఏప్రిల్ నుంచి." ఇది ఆగస్టు. ఆఫీసు బాత్రూములో తలుపేసుకుని ఏడవడం, టీమ్ లీడ్ పేరు ఫోన్లో కనిపిస్తే కడుపులో తిప్పడం, శనివారం పడుకుంటే సోమవారం దాకా మంచం దిగలేకపోవడం. చదివిన మెయిలే మళ్ళీ మళ్ళీ చదివినా బుర్రకెక్కకపోవడం. "మీకు చెబితే భయపడతారని." ఈ నెలలన్నీ మీరు ఫోన్లో "తిన్నావా?" అనడం, ఆమె "తిన్నా" అనడం మీ చెవుల్లో తిరుగుతుంది. స్టీరింగు గట్టిగా పట్టుకోండి. ఇంటికి చేరడం ముందు.

తెల్లారేసరికి ఇల్లు నిండా సలహాలు. దిష్టి తగిలిందని మీ ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తుంది. అన్నవరం మొక్కు మొక్కుతుంది. మీ అక్క ఫోను: "ఒరేయ్ తమ్ముడూ, వయసొచ్చిన పిల్లని అలా ఉంచేస్తే ఇలాగే బెంగపెట్టుకుంటుంది. కాకినాడ సంబంధం ఇంకా ఉంది. పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి." అన్నవరం గురించి మీ ఆవిడతో గొడవపడకండి. ఆ మొక్కు ఆమె భయానికి ఊతం. పెళ్ళి మాట దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. మంచం దిగలేని పిల్లని పీటల మీద కూర్చోబెట్టడం వైద్యం కాదు. ముక్కూమొహం తెలియని ఇంకో కుర్రాడి జీవితాన్ని మందుగా వాడటం న్యాయమూ కాదు. "ఇప్పుడు కాదక్కా. పిల్లకి ఒంట్లో బాలేదు" అనండి. ఏమైందని అడిగితే, ఏం చెప్పాలో మీ అమ్మాయిని అడిగాక చెబుతానని అనండి. అక్కకి కోపమొస్తుంది. రానివ్వండి.

అసలు చిక్కు ఇప్పుడు. సైకియాట్రిస్టు మాట ఎత్తగానే ఆమె దుప్పటి మొహమ్మీదికి లాక్కుంటుంది. "నేను పిచ్చిదాన్ననుకుంటున్నావా?"

అయిదేళ్ళ పిల్లయితే భుజాన వేసుకుని వెళ్ళేవారు. ఈమెకి ఓటుంది, జీతముంది, సంతకముంది. మీరు చేయగలిగింది అడగడమే. ఎలా అడుగుతారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంది. మంచం చివర కూర్చోండి. "నిద్ర లేదు కదమ్మా, ముందు దాని గురించే అడుగుదాం. నేను ఫోన్ చేసి టైము తీసుకోనా, నువ్వు తీసుకుంటావా?" దుప్పటి కదలదు. చాలాసేపు కదలదు. "నువ్వే చెయ్యి." అంతే, చాలు.

దానవాయిపేటలో ఆ క్లినిక్ మెట్లెక్కుతుంటే అటూ ఇటూ చూస్తారు, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని. లోపల కుర్చీలు ఖాళీ లేవు. చంటిపిల్లతో ఒకావిడ. యూనిఫాంలో సెక్యూరిటీ గార్డు. ఆ మూల, మీతోపాటు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు. ఆయన మిమ్మల్ని చూసి పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఇంతమందా? ఇంతమందే. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని తేలింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా చికిత్స దాకా రావట్లేదనీ తేలింది. అంటే ఈ కుర్చీల్లో కూర్చున్నది, రాగలిగినవాళ్ళు. మాస్టారి దగ్గరికి వెళ్ళి "బావున్నారా?" అంటారు మీరు. ఆయన పేపరు మడుస్తారు. ఇద్దరూ వర్షాల గురించి మాట్లాడుకుంటారు.

పేరు పిలుస్తారు. మీరూ లేస్తారు. "అమ్మాయి ఒక్కరే రావాలండి" అంటుంది నర్సు. కూర్చోండి. లోపల ఆమె ఏం చెబుతోందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. కానీ పద్దెనిమిది దాటిన మనిషి జబ్బు వివరాలు ఆమె సొంతం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఆ గోప్యతను హక్కుగా ఇచ్చింది. నాన్న వింటున్నాడని తెలిస్తే సగం మాటలు ఆమె గొంతు దాటవు కూడా.

చివర్లో పిలుస్తారు. ఆమె ఒప్పుకున్నంత వరకే డాక్టరుగారు చెబుతారు. డిప్రెషన్, దానితోపాటు యాంగ్జైటీ. థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలా నీరసపడొచ్చు కాబట్టి ఆ పరీక్ష. రోజుకో ఎస్సిటలోప్రామ్ మాత్ర, మొదట తక్కువ మోతాదులో. "మొదటి వారం కడుపులో తిప్పొచ్చు, కంగారు కాస్త పెరిగినట్టూ ఉండొచ్చు. పని చేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఫలితం లేదని మధ్యలో మానేయకూడదు." నిద్రకీ కంగారుకీ ఇంకో చిన్న మాత్ర, కొద్ది రోజులకే. అది ఎక్కువకాలం వాడితే అలవాటు పడుతుంది కాబట్టి. వారానికోసారి కౌన్సెలింగ్. మాత్రలన్నీ మీ దగ్గరే ఉంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వమంటారు. మీ అమ్మాయి తలూపుతుంది.

లేవబోతుంటే ఇంకో మాట: "మొదటి వారాల్లో కాస్త కనిపెట్టుకుని ఉండండి. బతకాలని లేదన్నట్టు ఏ మాట వచ్చినా దాటేయకండి. నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు."

ఇక రోజులు. మాత్ర, మంచినీళ్ళు, వాంతి వచ్చినట్టుందని ఆమె అనడం. మళ్ళీ దడ వచ్చిన రాత్రి మీరు కారు తాళాలు వెతకరు. ఎదురుగా నేల మీద కూర్చుంటారు. "నాతోపాటు. నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చు. ఆరు దాకా వదులు." మెల్లగా దిగుతుంది.

రెండో వారం. మీ ఆవిడ పెళ్ళికని అమలాపురం వెళ్ళింది. ఇంట్లో మీరిద్దరే. సాయంత్రం ఆమె తనంతట తానే స్నానం చేసి వస్తుంది. జడ వేసుకుంది. మొహం తేటగా ఉంది. మీకెంత సంతోషం! టీ పెడతారు.

"నాన్నా, నా ఎఫ్‌డీల వివరాలన్నీ ఈ కాగితంలో రాశాను. అమ్మకి కూడా చెప్పు."

టీ గ్లాసు మీ చేతిలోనే ఉంది.

"నా వల్ల మీకెంత శ్రమో కదా" అంటోంది. నవ్వుతోంది.

ఇది బాగుపడటం కాదు. మీకు తెలుస్తోంది. కడుపులో తెలుస్తోంది. రెండు దారులున్నాయి. "అవేం మాటలమ్మా, టీ తాగు" అనేయొచ్చు. లేదా అడగొచ్చు.

గ్లాసు కింద పెట్టండి.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

నోరు ఎండిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. ఆమె మీ వైపు చూడదు.

"ఊఁ."

అరవకండి. ఏడుపొస్తే రానివ్వండి, అరవకండి. మా గతేం కావాలి అనకండి. ఆ బరువు ఆమె మీద ఇప్పటికే ఉంది.

"ఎలాగో కూడా అనుకున్నావా?"

అనుకుంది. చెబుతుంది. అందుకు దాచుకున్నది ఎక్కడుందో చెబుతుంది. లేవండి. ఆమెను వెంటబెట్టుకునే వెళ్ళండి. తీసుకోండి. జేబులో వేసుకోండి. ఒక్క నిమిషం కూడా ఆమెను ఒంటరిగా వదలకండి. బాత్రూముకి వెళ్తే గడియ వేయొద్దని చెప్పండి. ఆ ఆలోచన ఉద్ధృతి ఎప్పుడూ ఒకేలా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది. పెరిగిన ఆ గంటల్లో చేతికేదీ అందకుండా చేయడం ప్రాణం నిలబెడుతుంది.

ఫోన్. డాక్టరుగారి నంబరు మోగుతోంది. ఎత్తట్లేదు. మళ్ళీ. ఎత్తట్లేదు.

14416.

టెలీ మానస్ హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది. డబ్బు పడదు. రాత్రీపగలూ ఉంటుంది. తెలుగు ఎంచుకుంటారు. ఒక ఆడమనిషి గొంతు. తొందర లేని గొంతు. "అమ్మాయి మీ పక్కనే ఉన్నారా అండీ? నేను మాట్లాడొచ్చా?" స్పీకరు పెడతారు. ఆమె అడుగుతుంది. మీ అమ్మాయి ఒక్కో మాటే చెబుతుంది. చివరికి ఆ గొంతు: "ఈ రాత్రి ఇంట్లో ఉండొద్దండీ. దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఇప్పుడే."

కారు మీరు నడపకూడదు. ఆమె పక్కన ఉండాలి. పక్కింటి తలుపు కొట్టాలి. కొడితే వీధంతా తెలుస్తుంది. కొట్టండి. "బాబూ, అమ్మాయికి బాలేదు. కాస్త కారు తీస్తావా?" ఆ కుర్రాడు ఏమీ అడగడు. చెప్పులు కూడా వేసుకోకుండా వస్తాడు.

వెనక సీట్లో ఆమె చెయ్యి మీ చేతిలో. "నన్ను అక్కడ పడేసి వచ్చేస్తావా నాన్నా?"

అబద్ధం ఆడొద్దు. చేర్చమంటారో లేదో మీకూ తెలీదు.

"వాళ్ళేమంటారో ఇద్దరం కలిసే విందాం. నేను ఎక్కడికీ వెళ్ళను."

కేసవుతుందా అన్న భయం ఆ దారంతా మీ గుండెల్లో కొట్టుకుంటుంది. అవ్వదు. ఈమె చేసింది సాయం అడగడం. అఘాయిత్యం చేయబోయినవాళ్ళని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగానే భావించాలి, శిక్షించకూడదు, వాళ్ళకి వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది అంటుంది ఆ 2017 చట్టం 115వ సెక్షను.

కొన్నాళ్ళు ఆస్పత్రిలోనే. మోతాదు మారుస్తారు. బిల్లు దగ్గర ఆమె ఆఫీసు ఇన్సూరెన్సు కార్డు ఇస్తే కౌంటరు కుర్రాడు "సైకియాట్రీకి రాదేమో సార్" అంటాడు. వస్తుందో రాదో పాలసీ కాగితం తీయించి చూడండి. ఒంటి జబ్బుతో సమానంగా మానసిక జబ్బుకీ బీమా ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. ఫోన్ మీద ఫోన్ చేస్తారు. మీ ఆవిడ అమలాపురం నుంచి పరుగున వచ్చి, కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడకుండా నూనె రాస్తుంది. అన్ని సలహాలకంటే ఆ నూనె చెయ్యి మంచిదని నాకనిపిస్తుంది.

ఇంటికొచ్చాక పనులు చిన్నవి. లేవగానే కర్టెను తీయడం. మేడ మీద పది నిమిషాలు. ఉత్సాహం వచ్చాక పని చేయడం కాదు, పని చేయగా చేయగా ఉత్సాహం వస్తుందని కౌన్సెలర్ ఆమెకి చెప్పింది. రైతు బజారులో కరివేపాకు, రెండు సొరకాయలు కొనుక్కురావడం ఈ వారం ఆమె పెట్టుకున్న పని. మీరు వెంట వెళ్తారు, సంచీ మోయడానికి. బేరం ఆమెనే ఆడనివ్వండి. జనంలో కంగారుపడి సగంలో వెనక్కి తిరిగితే, "సొరకాయ రేపు కొందాం" అనండి.

ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర ఆమె మొహం చిట్లిస్తుంది. "పప్పులో ఉప్పు తక్కువైందమ్మా."

మీరూ మీ ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నెలల తర్వాత ఆమె నాలుకకి రుచి తెలిసింది. ఉప్పు డబ్బా కోసం మీ ఆవిడ లేచిన వేగం చూడాలి.

మర్నాడు ఆమె మళ్ళీ మంచం దిగదు. ఆ మర్నాడూ దిగదు. మీలో కోపం పుడుతుంది. పుడుతుంది, మనుషులం కదా. వీధిలోకి వెళ్ళిపోండి. నడవండి. లెక్కల మాస్టారికి ఫోన్ చేయండి. ఆయన కొడుకుదీ ఇదే కథని ఇప్పుడు మీకు తెలుసు. మీ బీపీ మాత్ర వేసుకుని ఎన్ని రోజులైంది? మీరు నిద్రపోవాలి. రాత్రి కాపలా మీ ఆవిడతో పంచుకోండి. మూడో రోజు పొద్దున్నే ఆమె బ్రష్ నోట్లో పెట్టుకుని వంటింట్లోకి వస్తుంది. జబ్బు తగ్గే తీరే అంత. గీత నిటారుగా పోదు.

కొత్త సంవత్సరం వస్తుంది. సంక్రాంతి అరిసెలు అయిపోతుండగా ఆమె ఆ ల్యాప్‌టాప్ బ్యాగు తెరుస్తుంది. మెడికల్ లీవు అయిపోతోంది, హైదరాబాద్ వెళ్తానంటుంది. మాత్రలు కూడా మానేయొచ్చేమో అంటుంది, బాగానే ఉన్నాను కదా అని. మాత్రల సంగతి డాక్టరుగారు తేల్చేస్తారు: పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు, ఆ తర్వాత మెల్లగా తగ్గించడం, ఒక్కసారిగా ఆపడం లేదు. వెళ్ళడం సంగతి మాత్రం ఎవరూ తేల్చరు. అది ఆమెది. "వద్దమ్మా, ఇక్కడే ఏదైనా చూసుకో" అని మీ నోటిదాకా వస్తోంది.

డైనింగ్ టేబులు దగ్గర తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నారు ఇద్దరూ. కౌన్సెలర్ రాసుకోమన్న కాగితం. మళ్ళీ మొదలవుతుంటే ముందుగా ఏం కనిపిస్తుంది, అప్పుడు ఆమె ఏం చేస్తుంది, ఎవరికి ఫోన్ చేస్తుంది. ఆమె చెబుతోంది, మీరు రాస్తున్నారు. నిద్ర వరసగా మూడు రాత్రులు చెడితే. స్నానం వాయిదా పడుతుంటే. డబ్బుల కాగితాలు సర్దుతుంటే. రూమ్మేట్ నంబరు. హైదరాబాద్‌లో కొత్త డాక్టరు నంబరు. 14416.

"ఇంకోటి రాయి నాన్నా. రోజుకి పదిసార్లు 'ఎలా ఉన్నావ్' అని మెసేజ్ పెట్టకూడదు. ఒక్కసారి."

"ఏడింటికి ఫోన్ చేయనా?"

"ఎనిమిదిన్నరకి చెయ్యి. ఏడింటికి కాల్స్ ఉంటాయి నాకు."

రాయండి. ఎనిమిదిన్నర.

"ఎత్తకపోతే?"

ఆలోచిస్తుంది. "తొమ్మిదికి మళ్ళీ చెయ్యి. అప్పటికీ ఎత్తకపోతే దానికి చెయ్యి," అంటూ రూమ్మేట్ నంబరు మీద వేలు పెడుతుంది. "నేను దానికి చెప్పే ఉంచాను."